మీటింగ్‌లోనే చెప్పేయండి!

మీటింగ్‌లో అందరూ తలూపుతారు. బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడగానే అసలు చర్చ మొదలవుతుంది. "ఈ ప్లాన్ నడవదని నాకు ముందే తెలుసు" అంటారు. తెలిసినప్పుడు లోపలే చెప్పాలి కదా!

గొడవ ఎందుకులే అని ఊరుకుంటాం. సీనియర్‌కి ఎదురు చెబితే బాగుండదనుకుంటాం. మర్యాద వేరు, మౌనం వేరు. మౌనానికి ఒక్కోసారి చాలా పెద్ద మూల్యం చెల్లించాలి.

1977 మార్చి 27. స్పెయిన్‌లోని టెనెరిఫె ద్వీపం. రన్‌వే నిండా పొగమంచు. కేఎల్ఎం విమానం టేకాఫ్‌కి పరుగు అందుకుంది. పాన్ యామ్ సంస్థ విమానం ఇంకా అదే రన్‌వే మీద ఉందేమోనని కేఎల్ఎం ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది. అడిగాడు కూడా. లేదని కెప్టెన్ గట్టిగా చెప్పేశాడు. ఆ మాటతో ఇంజనీర్ ఆగిపోయాడు. రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు.

ఇలాంటి ప్రమాదాల తర్వాత విమానయాన రంగం మేలుకుంది. 1979లో నాసా కాక్‌పిట్ సిబ్బంది సమన్వయంమీద వర్క్‌షాప్ పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ శిక్షణ మొదలుపెట్టింది. అలాంటి శిక్షణనే ఇప్పుడు క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. జూనియర్లకు అభ్యంతరం చెప్పడం నేర్పారు. కెప్టెన్లకు వినడం నేర్పారు.

అంటే ఇది నేర్చుకుంటే వచ్చే స్కిల్. మీకూ వస్తుంది.

పైలట్లకు నేర్పే ఐదు మెట్లు, మీ ఆఫీసులో

1. పిలవండి: "సార్, ఒక్క నిమిషం."
2. ఆందోళన చెప్పండి: "శుక్రవారం రిలీజ్ గురించి నాకు భయంగా ఉంది."
3. కారణం చూపండి: "పేమెంట్ టెస్టింగ్ ఇంకా సగంలోనే ఉంది."
4. దారి సూచించండి: "సోమవారానికి మారిస్తే పూర్తవుతుంది."
5. జవాబు రాబట్టండి: "మీరేమంటారు?"

ఐదో మెట్టు వదలొద్దు. జవాబు దాటేస్తే మళ్లీ అడగండి. గొంతు పెంచక్కర్లేదు, మాట మార్చక్కర్లేదు.

ఒక్క గీత మాత్రం దాటకండి. ప్లాన్‌ని ఎంతైనా ప్రశ్నించండి, మనిషిని అనకండి. "నీకెప్పుడూ ఇంతే" అన్నారంటే చర్చ అక్కడితో చచ్చిపోతుంది.

మీరే టీమ్ లీడ్ అయితే

- మీ అభిప్రాయం చివర్లో చెప్పండి. ముందే తేల్చేస్తే మిగతావాళ్లు దానికే సై అంటారు.
- "డౌట్లున్నాయా?" అంటే ఎవరూ నోరు విప్పరు. "ఈ ప్లాన్ ఎక్కడ దెబ్బతినొచ్చు?" అని అడగండి. అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టండి.
- అభ్యంతరం చెప్పినవాళ్లకు అందరిముందూ థాంక్స్ చెప్పండి. మిగతావాళ్లు చూస్తుంటారు. రేపు వాళ్లూ మాట్లాడతారు.

నిర్ణయం అయ్యాక

అమెజాన్ లీడర్‌షిప్ సూత్రాల్లో 'డిసగ్రీ అండ్ కమిట్' ఒకటి. నిర్ణయం దాకా గట్టిగా వాదించండి. అయ్యాక అంతే గట్టిగా పనిచేయండి, మీ మాట నెగ్గకపోయినా సరే. "నేనప్పుడే చెప్పానుగా" అనే మాట మీ నోట రాకూడదు. వాదించి కూడా మనస్ఫూర్తిగా పనిచేసే మనిషి మాటకు తర్వాతి మీటింగ్‌లో విలువ పెరుగుతుంది.

ఈ వారం మీటింగ్‌కి ముందు అజెండా చదవండి. మీకు నిజంగా సబబనిపించిన అభ్యంతరం ఒక్కటి రాసుకోండి. ఐదు మెట్లలో పెట్టి, మీటింగ్ మొదట్లోనే చెప్పేయండి. గొంతు కాస్త వణకొచ్చు. అయినా చెప్పండి. రెండోసారికి తేలికవుతుంది. కొన్నాళ్లకు అదే మీ అలవాటవుతుంది.