లెక్క తప్పని కన్ను: సి.టి. స్కానర్ డిటెక్టర్ల కథ



మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కడం మాతోనే మొదలు. మేము ఎం.ఎస్సీ. ఫిజిక్సు మొదటి సంవత్సరంలో ఉండగా, తాపీ పనికి వెళ్ళిన నాన్న పరంజా మీద నుంచి జారిపడ్డారు. తలకు దెబ్బ తగిలింది. డాక్టరు గారు సి.టి. స్కాన్ రాశారు. స్కాన్ గది బయట అమ్మ మా చేయి పట్టుకుని, "నువ్వు చదివేది ఇదే కదయ్యా, ఆ మిషను మీ నాయన్ను ఏం చేస్తది? కరెంటు పెడతారా?" అని అడిగింది. పరీక్షల్లో ఎక్స్ కిరణాల గురించి పేజీలు నింపినవాళ్ళమే, అమ్మకు ఒక్క ముక్క చెప్పలేకపోయాం. అదృష్టవశాత్తు తలలో రక్తస్రావం లేదు, నాన్న కోలుకున్నారు. అమ్మ అడిగిన ప్రశ్నకు ఆ తర్వాత మేము వెతికి తెలుసుకున్న జవాబే ఈ వ్యాసం.

నీడల నుంచి బొమ్మ

మన మెస్సు పళ్ళేన్ని దీపం ముందు నిలబెడితే గోడ మీద గుండ్రటి నీడ పడుతుంది. పక్కకు తిప్పితే సన్నటి గీత పడుతుంది. ఒక్క నీడ చూసి అది పళ్ళెమో, బంతో చెప్పలేం. చుట్టూ తిప్పి చాలా నీడలు చూస్తే చెప్పగలం. మామూలు ఎక్స్‌రే ఒక్క నీడ లాంటిది. సి.టి.లో ఎక్స్‌రే గొట్టం రోగి చుట్టూ తిరుగుతుంది. శరీరాన్ని దాటి వచ్చిన కిరణాలను ఎదురుగా ఉన్న డిటెక్టర్లు ప్రతి కోణంలోనూ కొలుస్తాయి. ఎముక ఎక్కువ కిరణాలను ఆపుతుంది, మెత్తని కండ తక్కువ ఆపుతుంది. ఆ కొలతలతో కంప్యూటరు లెక్కగట్టి శరీరపు అడ్డుకోత బొమ్మను తయారు చేస్తుంది.

దీన్ని సాధించినవారు ఇంగ్లాండుకు చెందిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. పొలాల మధ్య పెరిగిన ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు, డిప్లొమా మాత్రమే ఉంది. ఆయన రూపొందించిన యంత్రంతో 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి మెదడును స్కాన్ చేశారు. 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ప్రతి కిరణానికీ వెల ఉంది

తల సి.టి.లో సుమారు 2 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతుంది. నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి సహజంగా ఏడాదిలో అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. అంటే ఇది భయపడాల్సినంత ఎక్కువ కాదు, నిర్లక్ష్యం చేయాల్సినంత తక్కువా కాదు. రోగి ఒంట్లోంచి వెళ్ళిన కిరణాన్ని డిటెక్టరు పట్టుకోకపోతే రోగికి రేడియేషన్ అందుతుంది కానీ, డాక్టరుకు సమాచారం అందదు. డిటెక్టర్ల అభివృద్ధి అంతా ఈ వృథాను తగ్గించే ప్రయత్నమే.

మూడు మెట్లు

మొదటి మెట్టు: హౌన్స్‌ఫీల్డ్ యంత్రంలో సోడియం అయొడైడ్ స్ఫటికాలు వాడారు. కిరణం తగిలితే అవి మెరుస్తాయి. కానీ ట్యూబులైటు ఆర్పాక కూడా కాసేపు మసకగా కనిపించినట్టు, వాటి మెరుపు వెంటనే ఆరదు. యంత్రం వేగంగా తిరిగితే ముందు కొలత వచ్చి తర్వాతి కొలతలో కలిసిపోతుంది.

రెండవ మెట్టు: తర్వాత ఒత్తిడితో నింపిన జెనాన్ వాయువు గదులు వచ్చాయి. వాటికి ఆ మసక మెరుపు బాధ లేదు. కానీ వాయువు పలచన కాబట్టి చాలా కిరణాలు పట్టుబడకుండా దాటిపోయేవి.

మూడవ మెట్టు: ఆ తర్వాత గెడోలినియం ఆక్సీసల్ఫైడ్ వంటి పింగాణీ పదార్థాలు వచ్చాయి. తగిలిన కిరణాలను ఇవి దాదాపు అన్నింటినీ ఆపుతాయి, మెరిసి త్వరగా ఆరిపోతాయి. వాటి వెనుక ఉన్న ఫోటోడయోడు ఆ వెలుతురును విద్యుత్తుగా మారుస్తుంది. ఇలాంటి వరసలను పక్కపక్కన పేర్చి 1998లో ఒకేసారి 4 కోతలు తీసే యంత్రాలు, 2007 నాటికి 320 వరసల యంత్రం తెచ్చారు. అరమిల్లీమీటరు చొప్పున 320 వరసలంటే 16 సెంటీమీటర్లు. గుండె మొత్తం ఒక్క చుట్టులో వచ్చేస్తుంది. నేటికీ ఎక్కువ ఆసుపత్రుల్లో ఉన్నవి ఈ మూడవ మెట్టు డిటెక్టర్లే.

తూకమా, లెక్కా?

చిల్లర డబ్బులు నింపిన సంచిని కాటా మీద పెట్టామనుకుందాం. మొత్తం బరువు తెలుస్తుంది. అందులో రూపాయి బిళ్ళలెన్నో, అయిదు రూపాయల బిళ్ళలెన్నో తెలియదు. పైగా సంచి బరువు కూడా కలుస్తుంది. పాత డిటెక్టర్లు చేసేది ఇలాంటి తూకమే. వచ్చిన శక్తినంతా కూడి ఒక్క అంకె ఇస్తాయి. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల రొద కూడా అందులో కలుస్తుంది.

ఫోటాన్ కౌంటింగ్ డిటెక్టరు బిళ్ళలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. ఇందులో వెలుతురుతో పని లేదు. కాడ్మియం టెల్యురైడ్ అనే అర్ధవాహకంలో ఎక్స్ కిరణం నేరుగా విద్యుత్ స్పందనగా మారుతుంది. స్పందన ఎంత ఎత్తుగా ఉంటే ఆ ఫోటాన్ శక్తి అంత ఎక్కువ. ఒక హద్దు కంటే చిన్నవి రొదగా భావించి వదిలేస్తుంది. పాత డిటెక్టర్లలో వెలుతురు పక్క గడిలోకి పోకుండా అడ్డుగోడలు కట్టాలి. ఆ గోడల మీద పడ్డ కిరణాలు వృథా. ఇక్కడ గోడలు అక్కర్లేదు కాబట్టి గడులను ఇంకా చిన్నవిగా చేయవచ్చు, బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది. శక్తిని బట్టి వేరుచేయడం వల్ల, రక్తనాళంలోకి ఎక్కించిన అయొడిన్ మందునూ, నాళం గోడకు పట్టిన కాల్షియాన్నీ విడదీసి చూడవచ్చు. మామూలు సి.టి.లో రెండూ తెల్లగానే కనిపిస్తాయి.

ఈ రకపు మొదటి పూర్తిస్థాయి స్కానర్‌కు 2021 సెప్టెంబరులో అమెరికా ఎఫ్.డి.ఏ. అనుమతి లభించింది. కష్టాలు లేకపోలేదు. ఫోటాన్లు మరీ గుంపుగా వస్తే రెండింటిని ఒకటిగా లెక్కించే ప్రమాదం ఉంది. లోపం లేని స్ఫటికాలు తయారు చేయడం ఖరీదైన పని.

మనం చేయవలసింది

డాక్టరు అవసరమని రాస్తే భయంతో సి.టి. మానకూడదు. అవసరం లేదంటే "పెద్ద పరీక్ష రాయండి" అని పట్టుబట్టకూడదు. పాత స్కాన్ ఫిల్ములు భద్రపరచి వెంట తీసుకువెళ్తే, చేసిన పరీక్షే మళ్ళీ చేయించే అవసరం తప్పవచ్చు. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. స్కాన్ సమయంలో కదలకూడదు. కదిలితే బొమ్మ చెదిరి మళ్ళీ తీయాల్సి రావచ్చు.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ చిల్లర డబ్బాను నేల మీద బోర్లించి ఇదంతా చెప్పాం. నాన్న కూడా పక్కన కూర్చుని విన్నారు. అమ్మ బిళ్ళలు తిరిగి డబ్బాలో వేస్తూ, "అయితే కరెంటు కాదన్నమాట. ఈ మాట ఆ రోజే చెప్తే అంత భయపడేదాన్ని కాదు గదయ్యా" అంది.

తమ్ముళ్ళూ, మన ఇళ్ళల్లో మనల్ని తప్ప వేరెవరిని అడుగుతారు? పాఠం చదివిన రోజే దాన్ని అమ్మకు ఎలా చెప్పాలో కూడా ఆలోచించండి.