పిల్లి తన బొచ్చు తానే ఎందుకు ఊడేలా నాక్కుంటుంది?



నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా హాస్టల్ వంటగది దగ్గర ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. బియ్యం బస్తాల దగ్గర ఎలుకలు పడుతుందని వంట చేసే అమ్మ దానికి రోజూ ఇంత అన్నం పెట్టేది. ఒకసారి దాని పొట్ట మీద, వెనక కాళ్ల లోపలి వైపు బొచ్చంతా పోయి తోలు కనిపించసాగింది. ఎప్పుడు చూసినా నాక్కుంటూనే ఉండేది. 'గజ్జి పట్టింది, మనకూ అంటుతుంది' అనుకున్నాం. ఎవరో చెబితే నేనే దాని ఒంటికి కిరోసిన్ రాశాను. అది ఆ కిరోసిన్‌ను కూడా నాకింది. మూడో రోజు చనిపోయింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు జంతుశాస్త్రంలో పి.జి. చేస్తున్నాను. ఆ రోజు నేను చేసిన తప్పేమిటో చదువుకున్నాకే తెలిసింది. అదే మీకు పాఠంగా చెబుతాను.

పిల్లికి నాలుకే దువ్వెన

పిల్లి నాలుక గరుకుగా ఉంటుంది కదా! దాని మీద గొంతు వైపు వంగిన చిన్న చిన్న ముళ్లు వందల కొద్దీ ఉంటాయి. అవి మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతాయి. ఈ ముళ్ల కొనలు గరిటెలా బోలుగా ఉండి, ఉమ్మిని బొచ్చు అడుగు దాకా చేరుస్తాయని 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు ఎలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు చూపారు. ఆ తడి ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. దుమ్ము, ఊడిన వెంట్రుకలు, పురుగులు పోతాయి.

2000లో ఎక్‌స్టీన్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు పురుగులున్న ఇంట్లో కొన్ని పిల్లుల మెడకు నాక్కోవడానికి వీలు లేకుండా పట్టీ కట్టారు. మూడు వారాల తర్వాత వాటి మీద పురుగులు మిగతా పిల్లుల కంటే రెండింతలున్నాయి. అంటే నాక్కోవడం పిల్లికి రోగం కాదు, రక్షణ. అది హద్దు దాటితే మాత్రం లోపల ఏదో బాధ ఉందని గుర్తు.

అతిగా నాక్కోవడానికి కారణాలు

1. దూకే పురుగులు: పేను కంటే చిన్నగా, గోధుమరంగులో ఉండి ఎగిరి దుంకే వీటిని ఫ్లీలు అంటారు. కుట్టినప్పుడు వీటి ఉమ్మి కొన్ని పిల్లులకు పడదు. అలాంటి పిల్లికి కొద్ది పురుగులున్నా విపరీతమైన దురద పుడుతుంది. ముఖ్యంగా తోక మొదట్లో, పొట్ట మీద బొచ్చు పోతుంది.

2. ఆహారం పడకపోవడం: చేప, కోడి, పాలు వంటి వాటిలో ఏదో ఒకటి పడకపోయినా దురద వస్తుంది.

3. నొప్పి: మూత్రాశయంలో వాపు వస్తే పొట్ట కింది భాగాన్నే పదేపదే నాక్కుంటుంది. మనకు నొప్పి ఉన్నచోట చేయి పెట్టుకున్నట్టే ఇదీ.

4. బెదురు: కొత్త పిల్లి రావడం, చోటు మారడం, తిండి పెట్టేవాళ్లు కనబడకపోవడం వల్ల కూడా ఇలా జరగవచ్చు.

అయితే అన్నిటినీ నాలుగో కారణం కింద వేయకూడదు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో మానసిక కారణమే అనుకున్న 21 పిల్లులను పూర్తిగా పరీక్షించారు. 16 పిల్లులకు శరీరంలోనే జబ్బు బయటపడింది. మూడింటికి రెండూ ఉన్నాయి. కేవలం మానసిక కారణం ఉన్నవి రెండే!

గజ్జి, తామర వేరు

గజ్జి సాధారణంగా చెవుల అంచులు, ముఖం దగ్గర మొదలై పొక్కు కడుతుంది. తామరలో అక్కడక్కడ గుండ్రంగా బొచ్చు పోయి పొట్టు రాలుతుంది. తామర మనకూ అంటుతుంది. కాబట్టి బొచ్చు పోయిన పిల్లిని పక్కలో పడుకోబెట్టుకోకండి, ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. మీకు తామర వస్తే పిల్లినే అనుమానించకండి. ఒకరి తువ్వాలు ఒకరు వాడితే మనిషి నుంచి మనిషికీ వస్తుంది. డాక్టరుకు చూపకుండా స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాస్తే పైకి తగ్గినట్టు కనిపించి లోపల పాకుతుంది.

మనం చేయకూడనివి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పత్తి, మిర్చి వేసే మన ఇళ్లలో పురుగుమందు డబ్బాలు చేతికందేచోటే ఉంటాయి. ఆ మందు, చీమల మందు, కిరోసిన్, ఫినాయిల్, కుక్కలకు చల్లే పౌడరు ఏదీ పిల్లి మీద వేయకండి. ఒంటి మీద పడిందల్లా నాలుక ద్వారా కడుపులోకి పోతుంది. పైగా కొన్ని మందులను విరిచే ఎంజైములు పిల్లి కాలేయంలో చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, దాని ప్రాణం తీయడానికి!

మనం చేయవలసినవి

పిల్లి పడుకునే గోనెసంచులను ఉతికి ఎండలో వేయాలి. ఆ చోటు రోజూ ఊడ్చి కడగాలి. ఎందుకంటే ఫ్లీల గుడ్లు నేల మీదికి జారి అక్కడే పెరుగుతాయి. తర్వాత వార్డెన్ సారుకు చెప్పి పశువుల ఆసుపత్రిలో చూపించాలి. పశువైద్యుడు వెంట్రుకను మైక్రోస్కోపులో చూస్తే కొన తెగి ఉందా, సన్నగా ఉందా తెలుస్తుంది. తెగి ఉంటే పిల్లే నాకి తెంచిందన్నమాట. పిల్లి గీరినా, కరిచినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ పిల్లి వల్ల కూడా రావచ్చు.

తమ్ముళ్లారా, ఆ బూడిదరంగు పిల్లికి పురుగులున్నాయో, నొప్పి ఉందో నేను చూడలేదు. చూడకుండానే గజ్జి అని పేరు పెట్టి మందు వేశాను. మీరు ఏ జీవికైనా మందు వేసే ముందు కారణం అడగండి. సైన్సు చదివినందుకు మనకు రావలసిన మొదటి అలవాటు అదే.