స్వాతంత్ర్యము – ఎవరి మేలు కొరకు?

ధ్యాన భాగములు: గలతీయులకు 5:1, 13–15, 1 కొరింథీయులకు 8వ అధ్యాయము, 10:23–33



క్రీస్తు మనలను విడిపించెనని మనము తరచుగా సాక్ష్యమిచ్చుచున్నాము. అయితే విడుదల పొందినవాడు ఆ విడుదలతో ఏమి చేయవలెను? గలతీ పత్రిక ఐదవ అధ్యాయపు మొదటి వచనములో, మరల దాస్యపు కాడిక్రిందికి పోవద్దని పౌలు గట్టిగా హెచ్చరించును. అదే అధ్యాయము పదమూడవ వచనములో, ప్రేమచేత ఒకరికొకరు దాస్యము చేయవలెనని బోధించును. అక్కడ అతడు వాడిన గ్రీకు మాట కూలివాని పనిని తెలుపునది కాదు. బానిస చేయు ఊడిగమును తెలుపునది. ధర్మశాస్త్రపు కాడిని దింపిన చేతితోనే పౌలు ప్రేమ అను కాడిని మన భుజముమీద పెట్టుచున్నాడు. మొదటిది బలవంతముగా మోయునది. రెండవది విడుదల పొందినవాడు మాత్రమే మోయగలిగినది.

1. కొరింథులోని చిక్కు

కొరింథు పట్టణమును రోమీయులు క్రీ.పూ. 146లో నాశనము చేసిరి. క్రీ.పూ. 44లో జూలియస్ కైసరు దానిని మరల స్థాపించెను. రెండు ఓడరేవుల మధ్యనున్న ఆ వర్తక పట్టణములో గుళ్లు అనేకములు. బలి ఇచ్చిన పశువు మాంసములో కొంత పూజారులకు పోవును, కొంత విందులో వడ్డింపబడును, కొంత అంగడికి వచ్చును. విగ్రహము వట్టిదని ఎరిగిన విశ్వాసులు నిర్భయముగా తినుచుండిరి. నిన్నటివరకు ఆ విగ్రహమునకే మ్రొక్కినవారు దానిని చూచి కలతపడుచుండిరి.

పౌలు ఎవరి పక్షము వహించెను? జ్ఞానముగలవారు చెప్పినది నిజమే అని ఒప్పుకొనెను. కాని సహోదరుడు ఎక్కడ నిలిచియున్నాడో చూడకుండ తినినయెడల, ఆ నిజమే అతనిని పడవేయునని చూపెను.

2. నేను నేర్చుకొనిన పాఠము

ఈ సంగతి నేను సెమినరీలో చదివితిని, పరీక్షలో వ్రాసితిని. అయినను 2010వ సంవత్సరమువరకు నేర్చుకొనలేదు.

అప్పుడు నేను క్రొత్తగా ఒక గ్రామ సంఘమునకు వచ్చియుంటిని. ఊరి జాతర దినమున పొరుగింటి పెద్దాయన ప్రేమతో భోజనమునకు పిలిచెను. అది అమ్మవారికి కోసిన యాట మాంసమని నాకు తెలియును. విగ్రహము వట్టిదే గదా అని అరుగుమీద కూర్చుండి తింటిని. ఆ దారిని పోవుచు మన సంఘస్థుడొకడు నన్ను చూచెను. తరతరములుగా ఆ జాతరలో డప్పు వాయించిన కుటుంబమువాడు. బాప్తిస్మము పొంది ఆరు నెలలైన కాలేదు.

తరువాత మూడు ఆదివారములు అతడు గుడికి రాలేదు. నేను అతని యింటికి వెళ్లితిని. అతడు తల వంచుకొని, “అయ్యగారూ, తమరు తిన్నారు గదా అని నేనూ పోయి తిన్నాను. తిన్నాక పాతవాళ్లంతా కూర్చోబెట్టి కల్లు పోశారు. తాగాను. ఇంటికొచ్చి మా ఇంటిదాన్ని కొట్టాను” అనెను. అతని భార్య పొయ్యి దగ్గరనుండి మా వైపు చూడలేదు.

నాకు ఆ మాంసము ఒక పూట భోజనము. అతనికి అది పాత జీవితపు వాకిలి. తినుటకు నాకున్న స్వేచ్ఛను గూర్చి తలంచితిని గాని, దాని వెల ఆ ఇల్లాలు చెల్లించునని తలంచలేదు. నేను వారిద్దరి యెదుట క్షమాపణ వేడుకొంటిని. తరువాత పొరుగింటికి వెళ్లి, “అన్నా, మీ యింటి భోజనం నాకు ఇష్టమే. జాతర పూట మాత్రం పిలవొద్దు; మావాడొకడు నన్ను చూసి పడిపోతున్నాడు” అంటిని. ఆయన నొచ్చుకొనలేదు. ఆ సహోదరుడు మరల నిలువబడుటకు మాత్రము ఏడాదికి పైగా పట్టెను.

3. అభ్యంతరమునకును అయిష్టమునకును భేదము

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త కావలెను. కొందరు ఈ బోధను కర్రగా పట్టుకొందురు. కోడలు తలలో మల్లెపూలు పెట్టుకొనినయెడల, “నాకు అభ్యంతరము” అని సంఘములో గద్దించువారున్నారు. అడ్డుబండ అనగా కాలికి తగిలి మనిషిని పడవేయునది. ఆ పూల వలన గద్దించువాడు ఏ పాపములోను పడుట లేదు. అతనికి కోపము మాత్రము వచ్చుచున్నది. అతడు బలహీనుడు కాడు, అధికారము కోరువాడు.

పౌలు ఈ భేదమెరిగి నడుచుకొనెను. యూదులకు సువార్త చెప్పుటలో ఆటంకము లేకుండునట్లు తిమోతికి సున్నతి చేయించెను (అపొ. కార్యములు 16:3). సున్నతి లేనిదే చాలదని పట్టుబట్టినవారి యెదుట తీతు విషయములో ఒక్క గడియయైనను లోబడలేదు (గలతీయులకు 2:3–5). ప్రేమ అడిగినప్పుడు వదలుకొనెను. కాడి వేయవచ్చినప్పుడు నిలువబడెను.

మార్టిన్ లూథరు 1520లో క్రైస్తవ స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథములోను ఈ రెండు సంగతులు కలిసియున్నవి: విశ్వాసమువలన క్రైస్తవునిపై ఏ మనుష్యుడును యజమానుడు కాడు, ప్రేమవలన అతడు అందరికిని దాసుడు.

కాబట్టి ప్రియులారా, “ఇది నాకు తగునా?” అని అడుగుట మంచిదే. అంతటితో ఆగక, “దీనివలన ఎవరు నిలుచును, ఎవరు పడును?” అనియు అడుగుదము.

గృహ కూటములలో ఆలోచించుటకు:

1. నా అలవాట్లలో, నాకు హాని లేకపోయినను, మరియొకని పాత జీవితమునకు వాకిలి తెరచునది ఏది?

2. నా అయిష్టమును అభ్యంతరమని పేరు పెట్టి ఎవరిమీదనైన కాడి మోపితినా?

3. ఈ నెలలో ఎవరి కొరకు, ఎవరును బలవంతము చేయకుండగనే, నేను ఒకదానిని వదలుకొనగలను?