చిరిగిన టెడ్డీకి సూదీ దారం

టెడ్డీ చంకలో కుట్లు పిగిలాయి, దూది బయటికొచ్చింది. పెద్దవాళ్ల నోట వెంటనే వచ్చే మాట: "పోన్లే, కొత్తది కొందాం." ఆ మాట అనకండి. బిడ్డకు కావలసింది కొత్తది కాదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఒక పెట్టె చూపించి, ఇందులో ఏది పెట్టినా అచ్చం అలాంటిదే ఇంకొకటి వస్తుందని నమ్మించారు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మను కొందరు పిల్లలు పెట్టెలో పెట్టనివ్వనే లేదు. పెట్టనిచ్చినవాళ్లలో ఎక్కువమంది పాతదే తమకిచ్చేయమన్నారు. కాబట్టి సూదీ దారం తీయండి.

పని పిల్లల ముందే చేయండి. వాళ్లు నిద్రపోయాక కుట్టిపెడితే బొమ్మ బాగవుతుంది గానీ, బాగుచేయడం ఎలా ఉంటుందో వాళ్లు చూడరు. ఏ రంగు దారం వేయాలో వాళ్లనే అడగండి. వంకరగా ఉన్న చెవిని సరిచేయొద్దంటే వదిలేయండి. బాగుచేసేటప్పుడు అవతలివాళ్ల ఇష్టాన్ని అడగడం మనలో చాలామందికి రాదు. ఆఫీసులో కింది ఉద్యోగి రాసిన రిపోర్టు దిద్దేటప్పుడూ అంతే, మొత్తం మన పద్ధతిలోకి మార్చేస్తాం. ఆ అలవాటు మానడానికి ఈ బొమ్మ దగ్గర మొదలుపెట్టండి.

ముందు తెగిన పాత దారాలు తీసేయండి. గడ్డకట్టిన దూదిని వేళ్లతో విడదీసి, పెన్సిల్ వెనక కొసతో లోపలికి సర్దండి. మెడ దగ్గర పల్చబడి ఉంటే కొంచెం కొత్తది కలపండి. మరీ కూరితే కుట్టు మళ్లీ పిగులుతుంది. దారం రెండు పోగులు వేసుకుని, ముడి లోపలివైపు పడేలా మొదలుపెట్టండి. చిరిగిన అంచులు రెండింటినీ లోపలికి మడిచి, సూదిని ఒక మడతలో కొద్ది దూరం పోనిచ్చి, ఎదుటి మడతలోకి దింపి అక్కడా అంతే దూరం పోనివ్వండి. అలా నాలుగైదు కుట్లు వేశాక దారాన్ని మెల్లగా లాగండి. అంచులు దగ్గరికొస్తాయి, దారం కనపడకుండా లోపలికి పోతుంది. ఇక్కడ తొందరపడితే గుడ్డ ముడతలు పడుతుంది, లేదా దారం తెగుతుంది. గుడ్డే చివికిపోయి ఉంటే సూది నిలవదు. లోపలి నుంచి పాత నూలు చీర ముక్క అతుకు వేసి, దానితో కలిపి కుట్టండి.

ఊడిన కంటి స్థానంలో మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో గుండీ కుట్టకండి. అది మళ్లీ ఊడి నోట్లోకి పోతే గొంతుకు అడ్డం పడుతుంది. నల్ల దారంతోనే కన్ను కుట్టేయండి.

కుట్టడం అయ్యాక ఉతికేద్దామని చేయి లాగుతుంది. బ్రిటన్ శిశువైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1953లో అచ్చయిన తన వ్యాసంలో ఈ సంగతి రాశారు. బిడ్డ అంటిపెట్టుకున్న వస్తువు మాసినా వాసనొచ్చినా తల్లి అలాగే ఉంచుతుంది, ఉతికితే బిడ్డ అనుభవంలో కొనసాగింపు తెగి, బిడ్డకు దాని విలువే పోవచ్చని ఆమెకు తెలుసు అన్నారు. మరీ మురికిగా ఉంటే తడిగుడ్డతో తుడవండి, బిడ్డను అడిగాకే.

ఇది అమ్మ పని, నాయనమ్మ పని అనుకునే నాన్నలకు ఒక మాట. కుట్టడం చేతకాకపోతే ముందు పాత దిండు గలీబు మీద కుట్టి చూసి, తర్వాత బొమ్మను పట్టుకోండి. సాయంత్రం టీవీకిచ్చే అరగంట చాలు. సూదులు ఎన్ని తీశారో లెక్కపెట్టుకోండి, పని కాగానే అన్నీ తిరిగి డబ్బాలో పడ్డాయో లేదో చూసి అప్పుడు బొమ్మను బిడ్డ చేతికివ్వండి.