మోడెం మార్చే ముందు

ఇంట్లో ఇంటర్నెట్ తెగిపోయినప్పుడు మనమంతా చేసే మొదటి పని మోడెం స్విచ్చి కట్టేసి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వెయ్యడం. చిత్రమేమిటంటే చాలాసార్లు ఇది పనిచేస్తుంది కూడా. పనిచేస్తుంది గనక, ఎందుకు పనిచేసిందని ఎవరూ అడగరు. రెండు గంటలకి మళ్లీ తెగుతుంది, మళ్లీ స్విచ్చి. నెల తిరిగేసరికి "మోడెం పాతబడింది, కొత్తది కొనాలి" అనే నిర్ణయానికి వస్తాం. ఆ నిర్ణయం సబబైనదో కాదో డబ్బు ఖర్చు పెట్టకముందే తేల్చుకోవచ్చు. సంచికకి నలుగురికీ పనికొచ్చేది ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు కోరారు గనక, ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్ గురించి, దానికి తగిన మోడెం గురించి నాకు అనుభవంలోకి వచ్చిన సంగతులు రాస్తున్నాను.

ముందు కాస్త సిద్ధాంతం తప్పదు. ఫోను లైను అంటే రెండు సన్నని రాగి తీగలు, ఒకదానితో ఒకటి మెలివేసినవి. మనుషులు మాట్లాడుకోవడానికి 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలు సరిపోతాయి. ఆ పైన తీగంతా ఖాళీయే. ఆ ఖాళీ జాగాని వాడుకునేదే డి.ఎస్.ఎల్. సుమారు 26 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై, ఎ.డి.ఎస్.ఎల్. అయితే 1104 దాకా, ఎ.డి.ఎస్.ఎల్. 2 ప్లస్ అయితే 2208 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న జాగాని 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న చిన్న చిన్న గదులుగా విభజిస్తారు. ఒక్కొక్క గదిలో ఎన్ని బిట్లు పట్టేదీ ఆ గదిలో ఉన్న రొదని బట్టి ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పదిహేను బిట్లు పట్టవచ్చు. గోలగా ఉంటే రెండో మూడో. మరీ గోలైతే ఆ గదికి తాళం వెయ్యడమే.

స్విచ్చి వెయ్యగానే మోడెం దీపం టపటప కొట్టుకుంటుంది చూడండి, ఆ కాస్తసేపు అది చేసేది ఈ కొలతే. అవతలి చివరనున్న యంత్రంతో కలిసి గది గదినీ పరీక్షించి, మొత్తం మీద ఎంత వేగం సాధ్యమో లెక్కకట్టి, కొంత తరుగు ఉంచుకుని లైను పడుతుంది. ఈ తరుగుకే నాయిస్ మార్జిన్ అని పేరు. మామూలుగా 6 డెసిబెల్స్ ఉంచుతారు. రొద ఆ తరువాత పెరిగినా ఈ ఆరు డెసిబెల్స్ కరిగిపోయేదాకా లైను నిలబడుతుంది. కరిగిపోతే తెగుతుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. మోడెం ఏ వేళ లైను పట్టిందో ఆ వేళకి తగిన వేగాన్ని ఎంచుకుంటుంది. ఉదయం పూట ప్రశాంతంగా ఉన్నప్పుడు పడితే ఎక్కువ వేగానికి ఒప్పుకుంటుంది. సాయంత్రానికి రొద పెరుగుతుంది, ఒప్పుకున్న వేగం మోయలేక పడిపోతుంది. మీరు స్విచ్చి ఆపి వేసినప్పుడు జరిగేది మరమ్మతు కాదు. మోడెం కొత్తగా కొలుచుకుని తక్కువ వేగానికి దిగివచ్చిందన్నమాట.

సాయంత్రం రొద ఎందుకు పెరగాలి? దీపాలు, ఛార్జర్లు, టీవీలు అందరిళ్లలోనూ ఒక్కసారి వెలుగుతాయన్నది ఒక కారణం. ఇంకొకటి రేడియో. మీడియం వేవ్ రేడియో ప్రసారాలన్నీ మన డి.ఎస్.ఎల్. వాడుకునే గదుల్లోంచే పోతాయి. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రానిది 738 కిలోహెర్ట్జ్. దాన్ని 4.3125 చేత భాగించండి, 171 వస్తుంది. గదుల పట్టిక చూపించే మోడెం గనక మీ దగ్గర ఉండి ఉంటే, ఆ 171వ గది చుట్టుపట్ల బిట్లు తగ్గి గుంట పడడం కనబడవచ్చు. పైగా చీకటి పడ్డాక వాతావరణం పై పొరల్లో మార్పు వచ్చి మీడియం వేవ్ తరంగాలు చాలా దూరం పోతాయి. పగలు వినబడని విజయవాడ కేంద్రం రాత్రి భోజనాల వేళకి హైదరాబాదులో వినబడడం పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రేడియో శ్రోతలకి అది వరం. ఫోను తీగకి మాత్రం అదొక అదనపు గోల.

ఇహ అసలు కథకి వస్తాను. 2012లో నేను ఫిలింనగర్‌లో ఒక మూడంతస్తుల ఇంట్లో నడిమి వాటాలో అద్దెకుండేవాణ్ణి. పై వాటాలో ఒక అసిస్టెంట్ ఎడిటర్ ఉండేవాడు. పరిశ్రమ మద్రాసు వదిలి వచ్చి చాలా ఏళ్లయినా, ఆ సినిమాకి రీ-రికార్డింగ్ మాత్రం చెన్నైలోనే జరుగుతోంది. పగలు కోసిన రీళ్లని చిన్న సైజు వీడియోగా మార్చి రాత్రి పన్నెండు లోపల అక్కడికి చేర్చడం ఇతని బాధ్యత. ఫైలు ఒక గిగాబైటు. లైనులో పైకి పంపే వేగం సెకనుకి 512 కిలోబిట్లు. లెక్క వేసి చూడండి: నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఏడింటికి మొదలుపెడితే పదకొండున్నరకి గానీ చేరదు. తొమ్మిదింటికి లైను తెగితే మళ్లీ మొదటి నుంచీ పంపాలి. వారంలో మూడు రాత్రులు అలాగే తెగింది. నాలుగోసారి జరిగితే ఇంకొకర్ని చూసుకుంటామని ఆఫీసులో చెప్పేశారట. "మాస్టారూ, పద్దెనిమిది వందలు పోసి కొత్త మోడెం తెచ్చాను. బూడిదలో పోసిన పన్నీరయింది" అంటూ కిందికి దిగివచ్చాడు.

ఆ రోజు నుంచి ఇద్దరం ఒక నోటుపుస్తకంలో గంట గంటకీ అంకెలు రాయడం మొదలుపెట్టాం. కంప్యూటరు బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే చాలా మోడెంల లోపలి పేజీ తెరుచుకుంటుంది. అందులో ముఖ్యమైనవి రెండే అంకెలు. ఒకటి పైన చెప్పిన నాయిస్ మార్జిన్. రెండోది అటెన్యుయేషన్, అంటే తీగ పొడుగునా సంకేతం ఎంత క్షీణించిందీ అని. డెసిబెల్స్ లెక్కలో 30 అంటే వెయ్యో వంతు మిగిలిందని, 60 అంటే పది లక్షలో వంతు మిగిలిందని. మార్జిన్ గంటగంటకీ మారుతుంది. అటెన్యుయేషన్ మారకూడదు, అది తీగ పొడుగుని బట్టి, మందాన్ని బట్టి ఉండేది. కిలోమీటరుకి ఇంచుమించు 14 డెసిబెల్స్ అనుకోవచ్చు. ఒక రోజు 31 ఉండి, వాన పడిన మర్నాడు 40 ఉందంటే ఎక్కడో అతుకులోకి నీళ్లు దిగాయని అర్థం. అది మోడెం మార్చితే పోయే జబ్బు కాదు.

అతని లైనుకి అటెన్యుయేషన్ 31. అంటే తీగ రెండు కిలోమీటర్ల పైచిలుకు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌లలో కంటికి కనబడే దూరం వేరు, తీగ తిరిగివచ్చే దూరం వేరు. రాతిగుట్టల మీద వీధులెలా మెలికలు తిరిగి ఎక్కుతాయో తీగా అలాగే ఎక్కాలి గదా. ఏమైనా 31 అంటే మంచి లైనే. 50 దాటితే ఇబ్బంది, 60 దాటితే ఆశ వదులుకోవచ్చు.

మార్జిన్ సంగతి అలా లేదు. ఉదయం పదింటికి 6, వేగం 10 మెగాబిట్లు. సాయంత్రం ఆరున్నరకి 4. తొమ్మిదింటికి 1, ఆ తరువాత ఢమాల్. పాత మోడెం పెట్టి చూశాం, కొత్తది పెట్టి చూశాం. కొత్తదానికి వేగం అర మెగాబిట్ ఎక్కువ, తెగే వేళ మాత్రం ఒకటే. ఆ ఏడు రాష్ట్రమంతా కరెంటు కోతలు. రోజూ పొద్దున కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోడెం ప్రశాంతమైన వేళ చూసుకుని పెద్ద వేగానికి ఒప్పుకునేది, రాత్రికి మాట తప్పేది.

ఫిర్యాదు చేస్తే లైన్‌మన్ వచ్చాడు. కింద గోడ మీదున్న పెట్టెలోనే తీగ విప్పి తన ఫోను తగిలించి విని, "మా దాంక లైను మంచిగనే ఉంది సార్. లోపటి వైరు చూస్కోండ్రి" అని వెళ్లిపోయాడు. తప్పించుకోవడానికి అన్నాడని అసిస్టెంట్ ఎడిటర్‌కి కోపం వచ్చింది గాని, అతను చెప్పింది అక్షరాలా నిజం. మేం మోడెంని కిందికి తెచ్చి ఆ పెట్టె దగ్గరే తగిలించి, ఒక సాయంత్రమంతా చూశాం. మార్జిన్ 5 కన్నా దిగలేదు. వేగం 13. అంటే దోషం ఆ పెట్టెకీ పై వాటాకీ మధ్య ఉంది.

అక్కడున్నది మెలికలేని బల్లపరుపు వైరు, ఇరవై మీటర్లు. మెలిక వెయ్యడంలో రహస్యం ఏమిటంటే, బయటి రొద రెండు తీగల్లోనూ సమానంగా పుట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. మెలిక లేకపోతే అది వైరు కాదు, ఏరియల్. అది పోయింది కూడా మెట్ల కింద ఇన్వర్టర్ పక్కనుంచి, కరెంటు వైర్లతో ఒకే గొట్టంలో. ఒక ట్రాన్సిస్టర్ రేడియో తెచ్చి, మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేనిచోట ముల్లు పెట్టి మెట్ల దగ్గర నడిస్తే, ఇన్వర్టర్ దగ్గరికి వచ్చేసరికి బుర్రుమని ఒకటే మోత. రొద ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడానికి ఇంతకన్నా చవకైన పరికరం నాకు తెలియదు. షూటింగులకి అద్దెకిచ్చే బంగళాల పక్కన కాపురముండేవారు జనరేటర్ వ్యాను, దీపాల బలాస్టులు వచ్చిన రోజున ఈ పరీక్ష చేసి చూడవచ్చు.

మందు సులువైనదే. మోడెంని కింది పెట్టె దగ్గరే ఉంచేసి, అక్కణ్నుంచి పైకి ఈథర్‌నెట్ కేబుల్ లాగాం. ఈథర్‌నెట్ నూరు మీటర్ల దాకా బేఫికరుగా పోతుంది. కేబుల్‌కీ మేకులకీ కలిపి అయిన ఖర్చు కొత్త మోడెం ఖరీదులో నాలుగో వంతు కూడా లేదు. ఆ రాత్రి ఫైలు పదకొండు ఇరవైకి చెన్నై చేరింది. అతని ఉద్యోగం నిలిచింది.

అన్ని ఇళ్లలోనూ జబ్బు ఇదే అని కాదు. ముందు వై-ఫై పక్కన పెట్టి, కంప్యూటరుని కేబుల్‌తో మోడెంకి తగిలించి చూడండి. తెగేది లైనా, వై-ఫైయా తేలిపోతుంది. తరువాత దీపాలు. డి.ఎస్.ఎల్. దీపం నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్ దీపం ఒక్కటే ఆరితే తీగ బాగానే ఉంది, యూజర్ నేమో పాస్‌వర్డో అవతలి సర్వరో చూసుకోవాలి. డి.ఎస్.ఎల్. దీపమే ఆరితే ఫోను ఎత్తి ఒక అంకె నొక్కి వినండి, గరగరలాడితే లైను దోషం. ఫోను మూగబోయినా ఇంటర్నెట్ కుంటుకుంటూ నడుస్తోందంటే రెండు తీగల్లో ఒకటి తెగి ఉండవచ్చు, ఇది చాలామంది నమ్మరు. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకీ ముందు ఫిల్టరు ఉండాలి. దీపాలన్నీ ఒక్కసారే ఆరి వెలుగుతుంటే అది మోడెం కూడా కాదు, దాని అడాప్టరు. అదే వోల్టేజి, అదే పోలారిటీ ఉన్న ఇంకో అడాప్టరు పెట్టి చూడవచ్చు. ఎండాకాలంలో సెట్‌టాప్ బాక్సు నెత్తిన మోడెం పెట్టడం మాత్రం మానుకోవాలి.

ఇవన్నీ అయ్యాక కూడా మోడెం మార్చవలసే వస్తే, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోటికి వెళ్లి "రౌటరు కావాలి" అంటే సరిపోదు. రౌటరు వేరు, మోడెం వేరు. ఫోను వైరు పెట్టే సన్న సాకెట్ ఉన్నదే మనకి కావలసింది. విదేశాల నుంచి బంధువులు తెచ్చే మోడెంల విషయంలో జాగ్రత్త. జర్మనీలో అమ్మేవి చాలావరకు అనెక్స్ 'బి' రకం, మనది అనెక్స్ 'ఎ'. దూరపు, గోల ఉన్న లైను మీద చిప్‌సెట్ తేడా తెలుస్తుంది. నేను చూసినంతలో బ్రాడ్‌కామ్ చిప్ ఉన్నవి తక్కువ మార్జిన్‌తో కూడా పట్టు వదలవు, మార్జిన్ ఎంత ఉంచుకోవాలో మనమే చెప్పే వీలూ కొన్నింటిలో ఉంది. ఆరుకి బదులు తొమ్మిది ఉంచమంటే వేగం కొంత తగ్గి లైను నిలుస్తుంది. రాత్రంతా ఫైలు పంపేవాడికి కావలసింది నిలకడే గదా. ఇహ కొత్త మోడెంలో వి.పి.ఐ., వి.సి.ఐ. అంకెలు వెయ్యాలి. బి.ఎస్.ఎన్.ఎల్. వారివి 0, 35. ఎయిర్‌టెల్ వారివి 1, 32. ఇవి తప్పు పడి మంచి మోడెంని దుకాణానికి తిరిగిచ్చేసిన వాళ్లున్నారు.

2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు 256 కిలోబిట్లు ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2013లో ఆ నిర్వచనం 512కి, 2023లో 2 మెగాబిట్లకి పెరిగింది. హైదరాబాదులో 2017లోనే ఒక సంస్థ గిగాబిట్ వేగం ఇచ్చింది. ఫైబర్ వచ్చాక రాగి తీగ గోల చాలా ఇళ్లలో వదిలింది గాని, తెగడం వదల్లేదు. అక్కడ మార్జిన్‌కి బదులు కాంతి బలం చూడాలి. ఫైబర్ మోడెం పేజీలో రిసీవ్ పవర్ అని ఉంటుంది. మామూలు జీపాన్ లైన్లలో మైనస్ 27 దగ్గరికి చేరుతోందంటే ఎక్కడో కేబుల్ మడత పడిందనో, కనెక్టర్‌లో దుమ్ము చేరిందనో అనుమానించవచ్చు. రౌటర్ మార్చితే అదీ బాగుపడదు.

అటక మీద పాత ఎ.డి.ఎస్.ఎల్. మోడెం ఉన్నవారు దాన్ని వెంటనే చెత్తలో పడెయ్యకండి. నాలుగు పోర్టులున్నదైతే, అందులో డి.హెచ్.సి.పి. ఆపేసి, అడ్రసు మార్చి, ఫైబర్ రౌటర్‌కి ఒక ఈథర్‌నెట్ వైరుతో కలిపితే స్విచ్‌గా పనిచేస్తుంది. వై-ఫై ఉన్నదైతే వెనక గదికి సిగ్నల్ కూడా అందిస్తుంది. హాస్టల్ గదిలో ముగ్గురికి అది చాలు.