దాచిన సొమ్ము - ఖర్చు మీది పన్ను



బాగేపల్లిలో చాలకాలము బట్టల వ్యాపారము చేసి, కొట్టు కుమారులకు అప్పగించిన పెద్దాయన ఒకరు మొన్న చింతామణిలో కలిసి నన్నొక ప్రశ్న అడిగిరి. "నాయనా, సంపాదించినన్నాళ్లు ఆదాయపు పన్ను కట్టి, మిగిలినది దాచితిని. ఇప్పుడా దాచినది తీసి సబ్బు కొన్నను పన్నే, మందు కొన్నను పన్నే. ఒకే రూపాయికి రెండుసార్లా?" అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోతిని. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణులలోని మనవారిలో పెక్కుమంది వర్తకులు, పింఛను లేనివారు. కనుక ఈ ప్రశ్న మనందరిది.

పన్నులు రెండు తీరులు

సంపాదించునప్పుడు వేయునది ఒకటి, ఖర్చుపెట్టునప్పుడు వేయునది మరొకటి. రెండవది దాచిన సొమ్మును ముట్టదు. అది బయటికి వచ్చిన నాడే పట్టుకొనును. కావున దాచుకొను యువకునికి అది మేలు. మొదటి పన్ను కట్టి దాచి, రెండవ పన్ను నాటికి ముసలివాడైనవానికి రెండు వైపులను భారమే. పెద్దాయన మాటలో న్యాయమున్నది.

మన దేశములో ధనికుల ఖర్చు మీద నేరుగా పన్ను వేయుటకు 1957లో చట్టము చేసిరి. దానిని 1962లో తీసివేసి, 1964లో మరల తెచ్చి, 1966లో విడిచిరి. అందరికిని వర్తించు వస్తు సేవా పన్ను, అనగా జి.ఎస్.టి., 2017 జూలై 1న వచ్చినది. ఇది పూర్తిగా క్రొత్త భారము కాదు. అంతకు ముందును ఎక్సైజు, అమ్మకపు పన్ను, సేవా పన్ను ధరలో దాగియే యుండెను. ఇప్పుడు బిల్లులో కనబడుచున్నది. ఎల్ల దాటి ఆంధ్రలో కొన్నను దర ఒకటే.

జపానువారు 1989లో 3 శాతముతో ఇట్టి పన్ను ప్రారంభించి, 2019 నాటికి 10 శాతము చేసిరి. అయినను ఆహారమునకు 8 శాతమే ఉంచిరి. వృద్ధుడైనను, పేదయైనను తినక తప్పదు గదా!

ఒక లెక్క

ఒక వృద్ధుడు పది లక్షలు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకములో ఉంచెననుకొందము. 8.2 శాతము వడ్డీ చొప్పున మూడు నెలలకు రూ. 20,500 వచ్చును. ఆ వడ్డీ మీద జి.ఎస్.టి. లేదు.

విడి బియ్యము, పప్పు, కూరగాయలు, పాలు, ఇంటి అద్దె, మామూలు బస్సు: రూ. 12,000. పన్ను లేదు.
నూనె, సబ్బు, మందులు, బట్టలు: రూ. 6,000. 5 శాతము పన్ను రూ. 300.
ఫోను మొదలగునవి: రూ. 1,000. 18 శాతము పన్ను రూ. 180.

మొత్తము పన్ను రూ. 480. డీసెలు మీది పన్ను వలె సరుకు ధరలో కలిసి వచ్చునది వేరు. కనుక నేడు భారము భరింపరానిది కాదు. అసలు భయము వేరొకటి. ధర పెరిగినప్పుడు పింఛను పొందు ప్రభుత్వోద్యోగికి కరువు భత్యము పెరుగును. వర్తకుని డిపాజిట్టుకు అట్టి భత్యము లేదు. పన్ను పెరిగినను, సరుకు ప్రియమైనను, ఆ 20,500 అంతే యుండును.

మనము చేయదగినది

ఒకటి: దాచినది ఎన్ని రూపాయలని గాక, ఎన్ని నెలల సంసారమునకు చాలునని లెక్కింపవలెను.

రెండు: డిపాజిట్లన్నియు ఒకే గడువునకు కట్టివేయక, ఏటేట ఒకటి చేతికి వచ్చునట్లు పంచుకొనవలెను.

మూడు: ఆరోగ్య బీమా వయసుండగానే తీసికొనవలెను. ప్రీమియము మీద 2017కు ముందు 15 శాతము, తరువాత 18 శాతము పన్ను ఉండెను. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులు, కుటుంబములు తీసికొను పాలసీలకు అది తొలగినది. 20,000 ప్రీమియమునకు 3,600 మిగులు.

నాలుగు: ఇది అమ్ముచోట కూర్చున్న మనకు. ఆ దినముననే సబ్బుల పన్ను 18 నుండి 5కు దిగినది. 118కి అమ్మినది 105కు అమ్మవలెను. ఆ 13 రూపాయలు గల్లాలో ఉంచుకొన్నచో అవి వృద్ధుని పొదుపు నుండి తీసినవే. తప్పుడు తూకమును, రాజశాసనము నతిక్రమించుటను తత్త్వార్థసూత్రము అచౌర్య వ్రతమునకు అతిచారములుగా చెప్పినది.

శ్రావకుని వ్రతములలో భోగోపభోగ పరిమాణమొకటి. అనుభవించు వస్తువులకు హద్దు పెట్టుకొన్నవానికి ఖర్చు మీది పన్నును తగ్గును. అయితే వ్రతము భోగమును తగ్గించును గాని రోగమును తగ్గింపజాలదు. మందుల ఖర్చుకు ముందే దాచవలెను.

పెద్దాయనకు నా జవాబిది: అవును, రెండుసార్లే. రెండవసారి ఎంత కట్టవలెనో కొంత మన హద్దులో, కొంత మన అంగళ్ల నిజాయితీలో ఉన్నది.