పారేయడమూ పనితనమే

హన్మకొండ డాబా మీద టెలిస్కోప్ పెట్టి గురుగ్రహం ఫొటో తీయాలనుకుంటున్నారా? అయితే ముందు ఒక సంగతి ఒప్పుకోండి. అందులో మీ ప్రతాపం సగమే, మిగతా సగం గాలి దయ.

ఎండాకాలంలో పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ సెగలోంచి చూస్తే గురుడి అంచు మరుగుతున్న పాలలా కుతకుతలాడుతుంది. ఎంత ఖరీదైన కెమెరా తగిలించినా ఆ వణుకు ఆగదు. దాన్ని తిట్టుకుంటూ కూర్చోకండి. టెలిస్కోప్‌ను గంట ముందే బయటపెట్టి చల్లారనివ్వండి. వీలైతే మట్టినేల మీదికి దిగండి. గ్రహం నడినెత్తికి వచ్చేదాకా ఆగండి. ఇందులో ఓరుగల్లు వాళ్లది అదృష్టమే. మనది 18 డిగ్రీల అక్షాంశం కాబట్టి, మిథునరాశిలో ఉన్నప్పుడు గురుడు దాదాపు మన నెత్తి మీదుగానే వెళ్తాడు. లండన్ వాళ్లకు ఆ భాగ్యం ఎప్పటికీ లేదు.

ఇక ఫొటో. ఇది ఒక్క క్లిక్కుతో అయ్యేది కాదు. రెండు మూడు నిమిషాల వీడియో తీస్తారు. అంతకు మించి సాగదీస్తే గురుడు తిరిగిపోతాడు, ఆయన తన చుట్టూ తాను తిరగడానికి పది గంటలు కూడా పట్టదు మరి! ఆ వీడియోలో వేల ఫ్రేములుంటాయి. ఆటోస్టాకర్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని నాణ్యతను బట్టి వరుస పెడుతుంది. గాలి క్షణంపాటు కుదురుగా ఉన్నప్పటివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మిగతావి పారేస్తారు. సగానికి సగం పోయినా ఎవరూ కంటతడి పెట్టరు. చెడ్డ ఫ్రేములనూ కలిపి పేర్చారో, మంచివి కూడా మసకబారతాయి.

ఇంటి దగ్గర తీసే ఫొటోలతో ఏం ఒరుగుతుందంటారా? ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఫర్నిచర్ వ్యాపారం చేసే క్రిస్టఫర్ గో 2006లో చేసిందేమిటి? గురుడి మీది తెల్లటి తుపాను ఒకటి ఎర్రబడిందని తన టెలిస్కోప్‌తో తీసిన చిత్రాల్లో పసిగట్టాడు. ఆ ఏప్రిల్‌లో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ కూడా దాన్ని ఫొటో తీసింది. అంతెందుకు, మన విశాఖలోనే గొడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. అల్లుడు నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యుడికి అడ్డంగా సాగే శుక్ర సంక్రమణాన్ని అక్కడి నుంచే గమనించాడు.

గో లాగా మీకూ గురుడి మీద కొత్తగా ఏదైనా మారిందని తెలియాలంటే పాతది కంటికి బాగా అలవాటై ఉండాలి. కాబట్టి కెమెరా బిగించే ముందు ఓ పావుగంట కన్ను ఐపీస్‌కే అప్పగించండి. కాగితం మీద ఒక సున్నా చుట్టి, రెండు పట్టీలు గీసి, గురుడి నాలుగు పెద్ద చందమామలు ఎటున్నాయో చుక్కలు పెట్టండి. తేదీ, టైము రాయడం మరవకండి. మబ్బు పట్టిన రాత్రి పాత వీడియోలు తీసి మళ్లీ వడపోయండి. మన వానాకాలంలో అలాంటి రాత్రులకు కొదవ లేదు.